సమ్మతికి ఫారం లేదు

నమోదు 158. శనివారం.

నా మీద అభియోగం ఇది. సాక్షి చట్టాన్ని కాపాడాలని కళాశాల వేదిక మీద మూడేళ్లుగా వాదిస్తూ వచ్చిన తాయారు అనే నేను, ఏడో కరకట్ట మీది తుపాకీకి సాక్షినై ఉండి, అడగవలసిన మూడు ప్రశ్నల్లో ఒక్కటైనా అడగకుండా సమ్మతి పలికాను. ఆ మాటతో తుపాకీ తాళం తెరుచుకుంది. లంక నుంచి మంచినీళ్ల కోసం వచ్చిన నూకరత్నం అనే మనిషి చనిపోయింది. కనుక సాక్షి అనే ఏర్పాటే బూటకం, దాన్ని ఎత్తివేయాలి.

ఈ అభియోగాన్ని ఏ అధికారీ మోపలేదు. నా సహాధ్యాయి దానియేలు నిన్న మధ్యాహ్నం భోజనశాల గోడకు అంటించాడు. కింద సంతకం కూడా పెట్టాడు. ఆపాటి నిజాయితీ అతనికి ఎప్పుడూ ఉంది. చివరి వాక్యం తప్ప మిగిలినదంతా నిజం. నా జవాబు ఆ చివరి వాక్యానికే. ‘కనుక’ అనే మాటను నా ఎదుట అంత తేలిగ్గా ఎవరినీ వాడనివ్వను.

సాక్షి పుస్తకంలో రాసినదాన్ని కట్టసభ కోరితే చదివి వినిపించాలని నియమం. వచ్చే శుక్రవారం సభ కూడుతోంది. దానియేలు తీర్మానం మీద ఓటు ఆ రోజే. అందుకే వినేవారిని ఎదురుగా ఊహించుకుని రాస్తున్నాను.

ఈ పుస్తకంలో దీనికి ముందు నూట యాభై ఏడు నమోదులున్నాయి. మొదటి నూట యాభై ఆరింటిలో ఒకటే వరుస: “శుక్రవారం. అభ్యాసం. సమ్మతి.” నూట యాభై ఏడోది కూడా అదే. నిన్న ఉదయం ఆరూ నలభై రెండుకు రాశాను. రాసి, పళ్లు తోముకోవడానికి వెళ్లాను.

అభ్యాసం ఎలా జరగాలో మీకు తెలుసు. ఎలా జరుగుతోందో కూడా తెలుసు. శుక్రవారం ఆరూ నలభై అయిదుకు తుపాకీదారు గుళ్లు తీసేసి సాక్షిని పిలవాలి. సాక్షి మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరు? ఎంత దూరం? చేతిలో ఏముంది? జవాబులు విన్నాకే సమ్మతి అనాలి. అప్పుడే ఆ గొంతు గుర్తుపట్టి తాళం తెరుచుకుంటుంది. మొదటి నాలుగు వారాలు నేను మూడూ అడిగాను. అయిదో వారం సింహాద్రి బాబాయ్ అన్నాడు, “ఎవరూ లేరమ్మా, ఉత్త గాలి. తొందరగా అనేయ్, పంపు వేయాలి.” అనేశాను. ఆ తరువాత ఎవరమూ ఎవరినీ ఏమీ అడగలేదు.

నిన్న పిలుపు అయిదు నిమిషాలు ముందుగా వచ్చింది. నేను ఉపన్యాసం దిద్దుకుంటున్నాను. చెవిపూసలో బాబాయ్ గొంతు “అమ్మాయ్” అంది. నేను “సమ్మతి” అన్నాను. ఆ వెంటనే ఏదో పటేలుమన్నది. పంపు బెల్టు తెగిందనుకున్నాను.

ఉపన్యాసం విషయం కూడా చెప్పాలి: ‘సాక్షి: తుపాకీకి మనం ఇచ్చిన రెండో మనసు’.

నమోదు 159. ఆదివారం.

ఏడో కట్ట పంపుగదికి వెళ్లాను. సింహాద్రి బాబాయ్ వడపోత జల్లెళ్లకు పట్టిన ఉప్పును బ్రష్షుతో గీకుతున్నాడు. ఆయన నాకు బంధువు కాడు; బంధువైతే ఆయన తుపాకీకి సాక్షిగా ఉండే అర్హత నాకు ఉండేది కాదు. మూడేళ్లుగా వారానికి ఒకసారి చెవిలో వినిపించే గొంతును ఏదో ఒక వరుస పెట్టి పిలవాలి కదా.

తుపాకీ ఎప్పటి మేకుకే వేలాడుతోంది.

“దాన్ని ఎవరూ తీసుకుపోలేదా?”

“ఎందుకు తీసుకుపోతారమ్మా? నియమం ప్రకారమే కాల్చానట. అధికారులు వచ్చి చూశారు, సంతకం పెట్టించుకున్నారు, టీ తాగారు. చప్పట్లు కొట్టలేదు, అదొక్కటే తక్కువ.”

ఆయన బ్రష్షు ఆపలేదు. నేనూ ఒక జల్లెడ తీసుకుని గీకడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనే చెప్పాడు.

“మంచు. మెట్ల దగ్గర పడవ ముక్కు, నిలువుగా ఒక గడ, అంతే కనబడింది. తుపాకీ గొట్టమో గడకర్రో తెలియలేదు. పోయినేడు మా తమ్ముణ్ణి పొడిచినవాళ్లూ అటువంటి పడవలోనే వచ్చారు. చేతులు వణికాయి. అందుకే నిన్ను పిలిచాను.”

“కాల్చడానికి.”

“కాదమ్మా. నువ్వు ఆపుతావని.” ఆయన మొదటిసారి నా వైపు చూశాడు. “నువ్వు అడుగుతావు, నేను చెబుతాను, చెబుతుంటే నాకే తెలుస్తుంది ఏం చూస్తున్నానో. అనుకున్నానంతే. అమ్మాయ్ అన్నానో లేదో నువ్వు సమ్మతి అన్నావు. బురుజు మీది కెమెరాలో చూసే అన్నావనుకున్నాను. చదువుకున్నదానివి కదా, నాకంటే ముందు నీకు తెలిసిందనుకున్నాను.”

సాక్షులకు బురుజు కెమెరా తెర ఒకటి ఇస్తారు. నాది రెండు నెలలుగా అలమారలో, చార్జింగు లేకుండా ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పాను.

“ఓహో” అన్నాడు.

నేను వాదన చేసే మనిషిని, అడగకుండా ఉండలేకపోయాను. “సాక్షి లేకపోయి ఉంటే ఏం చేసేవాడివి బాబాయ్?”

“ఇంకొక నిమిషం చూసేవాణ్ణి. బరువంతా నా ఒక్కడి మీదే ఉండేది కదా.”

ఈ జవాబు నా పక్షానికి గొడ్డలిపెట్టు. అయినా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. దానియేలు దీన్ని వాడుకోవచ్చు.

నమోదు 160. సోమవారం.

తాళాల కార్యాలయానికి వెళ్లాను. నా మీద విచారణ మొదలుపెట్టమని అర్జీ ఇవ్వడానికి. కిటికీలో గుమాస్తా గారు సొరకాయ కూర డబ్బా మూత పెడుతూ అడిగారు.

“కాదన్నావా?”

“అవునన్నాను.”

“మరి ఇక్కడికెందుకొచ్చావు?”

“ఒక మనిషి చనిపోయింది.”

“విన్నానమ్మా. పాపం. కానీ ఈ కిటికీ కాదన్నవాళ్లది. సమ్మతికి ఫారం లేదు.”

“ఏ కిటికీలో ఉంది?”

“ఏ కిటికీలోనూ లేదు. అచ్చు వేయలేదు. ఎవరడుగుతారని?”

కాదన్నవారి ఫారం చూపించమన్నాను. పన్నెండు పేజీలు. ఇద్దరు పూచీదార్లు. మూడు వాయిదాలు. నిరాకరణకు తగిన కారణం ఉందని తేలేదాకా ఆ సాక్షి ఇంటికి నీళ్ల వంతు సగం. పోయినేడు ఎంతమంది కాదన్నారని అడిగాను.

“ఒకే ఒక్కరు. నాలుగో కట్ట వెంకటాచలం గారు. అదిగో, ఆ బెంచీ ఆయనదే అనుకో. ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.”

“ఆయన కాదన్నందుకు ఎవరైనా చనిపోయారా?”

“అబ్బే. ఎవరి మేకో కట్ట ఎక్కిందట. ఆ మేక ఇప్పటికి రెండు ఈతలు ఈనింది. ఈయన వాయిదా తేలలేదు.”

ఈ చట్టంలోని ముప్పై ఒక్క నిబంధనలు నాకు కంఠస్థం. అంతర్ కళాశాల పోటీలో వరుసగా అప్పజెప్పి పతకం తెచ్చుకున్నాను. ఏ నిబంధన లేదో ఒక్కసారైనా చూసుకోలేదు. కాదన్నవాడు జవాబు చెప్పాలి. అవునన్నవాడు పళ్లు తోముకోవచ్చు. ఇటువంటి తూకంలో జనం ఎటు మొగ్గుతారని చట్టం రాసినవారు అనుకున్నారో!

నమోదు 161. మంగళవారం.

వింధ్యావళి మేడమ్ పిలిపించారు. మాకు న్యాయశాస్త్రం చెబుతారు. సాక్షి చట్టం పక్షానికి పెద్దదిక్కు ఆవిడే. నాకు మాట్లాడడం నేర్పింది కూడా ఆవిడే. తలుపు వేసి, బల్ల మీద ఒక చిన్న పెట్టె పెట్టారు. శుక్రవారం నా చెవిపూసలో నమోదైన ధ్వని అందులో ఉంది.

“పదకొండు సెకన్లు. ముందు విను, తరువాత మాట్లాడు” అన్నారు.

విన్నాను. “అమ్మాయ్” అనే మాట. దాని వెనకాల, సన్నగా, దూరంగా ఒక ఆడగొంతు: “నలభై ఒకటీ!” ఆ తరువాత నా సమ్మతి. మళ్లీ “నలభై ఒకటీ!” మూడోసారి “నలభై” దగ్గర చప్పుడు.

లంకవాళ్లు మెట్ల దగ్గరికి వస్తూ తమ నీళ్ల వంతు నంబరు కేక వేయాలి. దొంగపడవలు కేకలు వేయవు, అదే గుర్తు. నలభై ఒకటి ఆవిడ వంతు.

“బాబాయ్‌కి వినబడలేదా?”

“పంపు పక్కన నిలబడ్డవాడికి పిడుగు పడినా వినబడదు. పూస పంపు చప్పుడును వడకట్టి నీకు పంపుతుంది. ఆ మాట వినగలిగే చెవి ఆ ఉదయం నీదొక్కటే.” ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “దీన్ని ఇంకా ఎవరూ వినలేదు తాయారూ. పూస చెడిపోయిందని చెప్పు. నీకు ‘అభ్యాసం’ అని వినిపించిందని చెప్పు. యంత్రాన్ని మార్చుకుంటారు, చట్టం నిలబడుతుంది. నువ్వు నిజం చెబితే శుక్రవారం సాయంత్రానికి ప్రతి కట్ట మీదా తాళం లేని తుపాకీ ఉంటుంది. ఏడాదికి ఎంతమంది నూకరత్నాలు పోతారో నువ్వే ఆలోచించుకో.”

“నన్ను అబద్ధమాడమంటున్నారా మేడమ్?”

“పోటీల్లో ఎన్నిసార్లు నమ్మని పక్షం వాదించలేదు? అప్పుడు చప్పట్లు కొట్టించుకున్నావే!”

ఆవిడను ద్వేషించలేకపోయాను. ఆవిడ లెక్కలో తప్పు పట్టడం తేలిక కాదు. పెట్టె నా సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆవిడ ఆపలేదు.

నమోదు 162. బుధవారం.

సభకు ముందు కళాశాలలో ఒక వాదం జరగడం ఆనవాయితీ. హాలు కిటికీల దాకా నిండింది. మా ఆచారం ప్రకారం, ఎవరైనా తమ మాట మొదలుపెట్టే ముందు ఎదుటివారి బలమైన వాదనను వారికంటే బాగా చెప్పాలి.

నేను చెప్పాను. “మన తాతల తరం ఈ నేల మీది తుపాకులన్నిటినీ సముద్రంలో ముంచి పండగ చేసుకుంది. పడవదొంగలు నీటి ట్యాంకులను కొల్లగొడుతుంటే మన తల్లుల తరం అవే తుపాకులను మళ్లీ చేయించింది. చేయించి, సిగ్గుపడి, తాళం వేసి సాక్షిని పెట్టింది. దానియేలు తల్లి ఆ సాక్షి కోసం ఎదురుచూసింది. అయిదో కట్ట మీద, తాళం వేసిన తుపాకీ పట్టుకుని, నాలుగు నిమిషాలు. సాక్షి స్నానం చేస్తున్నాడు. అతను సమ్మతి అనేసరికి ఆవిడ లేదు. ఈ చట్టం ఒక తల్లిని చేతులు కట్టేసి చంపింది. ఇదే దానియేలు వాదన. ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.”

దానియేలు తల వంచుకుని విన్నాడు. తరువాత లేచి నిలబడ్డాడు. నా వాదన చెప్పవలసిన వంతు అతనిది.

“తాయారు గారి వాదన ఏమిటంటే, ఇద్దరు మనుషులు ఒకేసారి పిచ్చివాళ్లు కారు అని. దాన్ని ఆవిడే శుక్రవారం ఖండించారు. నేను కష్టపడనక్కరలేదు.”

హాలు గొల్లుమంది. అతను నవ్వలేదు.

“ఒక్క ప్రశ్న. మూడేళ్లలో ఆ మూడు ప్రశ్నలు ఎన్నిసార్లు అడిగారు?”

“నాలుగు వారాలు.”

“మిగిలిన వారాలు?”

“అడగలేదు.”

“మీరే అడగనప్పుడు ఇంకెవరు అడుగుతారు? ఉన్నదొక్కటే తేడా. తాళం లేకపోతే తప్పు నాది. తాళం ఉంటే తప్పు ఎవరిదీ కాదు. మా అమ్మ విషయంలోనూ ఎవరిదీ కాదన్నారు.”

నేను వెనక్కు తగ్గవలసిన చోటు అదే. తగ్గలేదు.

“తాళం తీసేస్తే నీ చేతిని జవాబు అడిగేదెవరు?”

“నా మనస్సాక్షి.”

“అది కూడా శుక్రవారాలు పళ్లు తోముకుంటూ ఉంటుంది.”

హాలు మళ్లీ గొల్లుమంది. ఈసారి నా వైపు. నూకరత్నం శవం అప్పటికి ఇంకా మంచుగడ్డల మీదే ఉంది. ఆ నవ్వును నేను గెలుచుకున్నాను. అది కూడా ఇక్కడ రాస్తున్నాను.

బయటికి వచ్చాక దానియేలు మెట్ల దగ్గర ఆగాడు. “ధ్వని పెట్టె నీ దగ్గర ఉందట. మేడమ్ ఏం చెప్పమన్నారో ఊహించగలను. పూస చెడిపోయిందని చెబుతావా?”

“నువ్వైతే?”

“తెలియదు. మా అమ్మ కోసమైతే చెప్పేవాణ్ణేమో.” కాస్త ఆగి అన్నాడు, “చెబితే మాత్రం నేను నమ్మను తాయారూ. నీ గొంతులో అబద్ధం నాకు తెలుస్తుంది. పోటీల్లో విన్నాగా.”

నమోదు 163. గురువారం.

లంకకు వెళ్లాను. నూకరత్నం చెల్లెలు గంగులమ్మ బట్ట మీద చేపలు పరిచి ఉప్పు జల్లుతోంది. శవాన్ని ఉదయమే తెచ్చి పూడ్చారట. నన్ను ఎవరూ కూర్చోమనలేదు. కూర్చోలేదు.

“నువ్వేనంటగా ఊఁ అన్నది?”

“నేనే.”

“ఏమడిగావు?”

“ఏమీ అడగలేదు.”

“మా అక్క కేకేస్తది. పొద్దున్నే ఊరంతా లేచేటట్టు కేకేస్తది. వంతు నంబరు కేకెయ్యమని మీ కట్టోళ్లేగా పెట్టారు. ఎయ్యలేదా ఏంటి?”

“వేసింది. ఈ పెట్టెలో ఉంది.”

“ఏది, వినిపియ్యి.”

వినిపించాను. గంగులమ్మ చేతులు ఉప్పుతోనే ఉన్నాయి. పెట్టెను ముట్టుకోకుండా వంగి చెవి దగ్గర పెట్టింది. మళ్లీ పెట్టమంది. పెట్టాను.

“మూడోది సగమే ఉంది” అంది.

ఆ తరువాత చాలాసేపు చేపలు తిరగేసింది.

“ఇప్పుడు నిన్నేం చేస్తారు?”

“ఏమీ చేయరు. అందుకు నియమం లేదు.”

“లేదా?” నమ్మలేనట్టు చూసింది. “మరి నువ్విక్కడికెందుకొచ్చావు? నన్ను చెయ్యమనా?”

వాదనల్లో నేనెప్పుడూ మాట కోసం వెతుక్కోలేదు. ఇవాళ వెతుక్కున్నాను, దొరకలేదు.

“నీ ఏడుపు నాకొద్దు. తుపాకులుంటాయా పోతాయా అన్నది మీ తగువు. మమ్మల్ని మెట్లు దాటనియ్యరు, మాకు ఓట్లా? నేనొకటే అడగాలి. దాన్ని చంపేముందు అడగాల్సినవన్నీ, నిన్ను నిలబెట్టి నేనడగాలి. మీవాళ్లంతా వింటా ఉండాలి. అడగనిస్తారా?”

“సభను అడుగుతాను” అన్నాను. ఆ మాటకు ఎంత బలం ఉందో నాకు తెలియదు.

నమోదు 164. శుక్రవారం, సభకు ముందు.

ఈ ఉదయం ఆరూ నలభైకి కట్ట మీద నిలబడ్డాను. వారం కిందటి చావు ప్రతి ఇంటికీ తెలుసు. ఆరూ నలభై అయిదుకు అభ్యాసం పిలుపులు మొదలయ్యాయి. మూడో కట్ట పొడుగునా నడిచాను. ఒకరు దోసె తిరగేస్తూ “సమ్మతి” అన్నారు. ఒకరు బట్టలు పిండుతూ. ఒక పెద్దాయన పేపరు నుంచి తల ఎత్తకుండానే. ఇరవై ఆరు గుమ్మాలు దాటాను. ఒక్క గొంతు కూడా “ఎవరు?” అని అడగలేదు. నా చెవిలో బాబాయ్ పిలిచాడు. మూడూ అడిగాను. మూడింటికీ ఆయన సరిగ్గా జవాబు చెప్పాడు. చివరికి నేను “కాదు” అన్నాను. పన్నెండు పేజీలు నింపడానికి సిద్ధంగా ఉన్నాను.

సభ్యులారా, అభియోగానికి నా జవాబు ఇది. పూస చెడిపోలేదు. ధ్వనిపెట్టె మీ బల్ల మీద ఉంది, వినండి. పంపు దగ్గర నిలబడ్డ మనిషికి వినబడని మాట నా చెవి దాకా వచ్చింది. అంటే సాక్షి బూటకం కాదు. ఆ ఉదయం ఒక మనిషిని బతికించగల స్థానం ఈ ఊళ్లో ఒక్కటే ఉంది. అందులో నేనున్నాను. నేను ఆ పని చేయలేదు. ఎందుకంటే చేయకపోయినా నన్నెవరూ ఏమీ అడగరని నా ఒంటికి తెలుసు. దానియేలు సగం సరిగ్గా చెప్పాడు: తాళం ఉంటే తప్పు ఎవరిదీ కాకుండా పోతోంది. దానికి మందు తాళం తీసేయడం కాదు. తప్పును మనిషికి అంటగట్టడం.

సింహాద్రి బాబాయ్ తాను ఒంటరిగా ఉంటే ఇంకో నిమిషం చూసేవాణ్ణని అన్నాడు. దాన్ని దాచలేదు. కానీ చేతులు వణుకుతున్నప్పుడు ఆయన వెతుక్కున్నది మరో మనిషి గొంతునని కూడా మరవకండి. ఆ గొంతు ఉండాలి. ఆ గొంతుకు తప్పును మోసే మెడ కూడా ఉండాలి.

నన్ను క్షమించే తీర్మానం ఒకటి సిద్ధమవుతోందని విన్నాను. చిన్నపిల్ల, చదువుకునే పిల్ల, పొరపాటు. దాన్ని చించేయండి. నన్ను క్షమించడం మీకు సులువు, ఎందుకంటే ఈ ఉదయం మీరూ అదే మాట అదే విధంగా అన్నారు. మీలో కొందరి గొంతులు నేను విన్నాను.

దానియేలు తీర్మానం మీద ఓటు వేయకముందు ఒక పని చేయండి. సమ్మతి పలికిన సాక్షి కూడా విచారణకు నిలబడాలని ఇప్పుడే, ఈ గదిలోనే నియమం రాయండి. ఆ నియమం కింద మొదటి పేరుగా నాది పెట్టండి. నన్ను ప్రశ్నించేది మీలో ఎవరూ కావడానికి వీల్లేదు. గంగులమ్మ కట్ట మెట్ల దగ్గర పొద్దున్నుంచి నిలబడి ఉంది. వంతు నంబరు లేదని కావలివాడు పైకి రానివ్వలేదు. లేచి తలుపు తీయండి. ఆవిడను లోపలికి పిలవండి.